తీర్పు కింద కుర్చీ

మా పెద్ద మావయ్య ఒకప్పుడు మంత్రి. ఏ శాఖకని అడక్కండి, మా ఇంట్లో ఎవరికీ గుర్తులేదు, ఆయనకీ గుర్తుందని నేననుకోను. ఆ ప్రభుత్వం పడిపోయింది, తరవాత ఆయన ఎన్నికల్లో ఓడిపోయారు, ఆ తరవాత అత్తయ్య పోయింది. కొత్తపేట నుంచి పలివెల వెళ్ళే దారిలో ఉన్న మా ఇంటికి, అంటే వాళ్ళ చెల్లెలింటికి, ఒక పెట్టె, ఒక పడక్కుర్చీ తీసుకుని వచ్చేశారు. ఆ రోజు నుంచీ మా ఇంట్లో పరిపాలన మొదలైంది.

నాకు బెండకాయ వేపుడు కావాలి, అమ్మకి పులుసు కావాలి. ఆయన ఇద్దరి వాదనలూ విని, సగం వేయించి పులుసులో వెయ్యమనేవారు. అది అమ్మా తినేది కాదు, నేనూ తినేదాన్ని కాదు. ఇద్దరికీ నచ్చలేదంటే తీర్పు న్యాయంగా ఉన్నట్టేనని ఆయనొక్కరే కూర్చుని గిన్నె ఖాళీ చేసేవారు. రాజీ లేకపోతే ఏ ప్రభుత్వమూ నిలవదనీ, పదవిలో ఉన్నవాడి మాటకన్నా నడత ముఖ్యమనీ రోజూ బోధ. పొద్దంతా బ్యాంకులో జనంతో వేగి ఇంటికొస్తే ఇక్కడ శాసనసభ! ఒళ్ళు మండిపోయేది నాకు.

ఇంతలో చెట్టు గొడవ వచ్చింది. మా పెరట్లో కొబ్బరిచెట్టొకటి పక్కింటి వైపు బాగా వాలిపోయింది. పక్కింటాయన మస్కట్‌లో పనిచేసి తిరిగొచ్చి కొత్తగా డాబా కట్టుకున్నాడు. ఆ చెట్టు తల సరిగ్గా ఆయన వాకిట్లోకి వచ్చింది. కాయ పడితే పిల్లల తలలు పగులుతాయని ఆయన భయం. ఆ సంగతి చెప్పడానికి వచ్చి, కూర్చుని, కాఫీ తాగి, అమ్మ మోకాళ్ళ నొప్పుల గురించి అడిగి, వానల గురించి మాట్లాడి లేచి వెళ్ళిపోయేవాడు. మా వైపు మనిషి కదా, ఎదటివాళ్ళని నొప్పించే మాట నోట్లోంచి అంత తొందరగా రాదు. చివరికొకరోజు మెట్లు దిగుతూ, అటు తిరిగి, చెట్టు కొట్టించేస్తే బావుంటుందన్నాడు. అమ్మ ససేమిరా అంది. కాపు కాసే చెట్టుని కొట్టించడమంటే ఆవిడకి కన్నబిడ్డని ఇంట్లోంచి గెంటేసినట్టే.

మావయ్య మొహం వెలిగిపోయింది. ఇద్దరినీ విడివిడిగా విన్నారు, కలిపి విన్నారు, తీర్పిచ్చారు. చెట్టు ఉంటుంది. వాలిన చెట్లకి అందరూ చేసినట్టే ఇనప తీగతో ఇవతలికి లాగి ఇంకో చెట్టుకి కట్టాలి. అవతల పడ్డ కాయలు మాత్రం పక్కింటివాళ్ళవి. పక్కింటాయన తలూపి ఆయ్ అన్నాడు. అని, చేతులు నలుపుకుంటూ, పిల్లలు దాని కిందే ఆడుకుంటారండీ అని గొణిగాడు.

"తీర్పు చెప్పినవాడు ముందు దాని కింద తను కూర్చోవాలి" అన్నారు మావయ్య. అన్నంత పనీ చేశారు. తీగ కట్టినా చెట్టు తల అటే ఉండిపోయింది. పడక్కుర్చీ పక్కింటి వాకిట్లోకి మోయించి, సరిగ్గా గెలల కింద వేయించుకుని, సాయంత్రమయ్యేసరికి వెళ్ళి కూర్చునేవారు.

పెద్దాయన వచ్చి వాకిట్లో కూర్చుంటే లెమ్మనడం ఎవరి తరం? పాపం ఆ ఇంటావిడ రోజూ పకోడీలు వేసేది. మొహం మొత్తుతుందేమోనని వాళ్ళాయన ఆత్రేయపురం నుంచి పూతరేకులు కూడా తెప్పించాడు. మాజీ మంత్రిగారు బయట కూర్చుంటున్నారని తెలిసి జనం అర్జీలు పట్టుకుని రావడం మొదలెట్టారు. పింఛను ఆగిపోయిందని ఒకరు, కాలవలో గుర్రపుడెక్క తీయించమని ఒకరు. ఎవరూ చెట్టు దగ్గరికి మాత్రం రారు. గేటు దగ్గర నిలబడి అరుస్తారు, ఈయన గెలల కింద నుంచి అరిచి జవాబు చెబుతారు. పిల్లలకి ఆడుకునే చోటే లేకుండా పోయింది.

దింపు తీసేవాణ్ణి పిలిచి కాయలన్నీ దించేస్తే గొడవ వదిలిపోతుంది కదా అని నేనడిగాను.

"కాయల్లేని చెట్టు కింద ఎవడైనా కూర్చుంటాడమ్మా. అందులో నడతేముంది?" అన్నారు.

అమ్మకి నిద్ర పట్టడం మానేసింది. నా స్కూటీ హెల్మెట్ పట్టుకెళ్ళి పెట్టుకోమని బతిమాలింది. హెల్మెట్ పెట్టుకుని పరిపాలన చేస్తే ఇక జనానికి ప్రభుత్వం మీద నమ్మకం ఏముంటుందని ఆయన కోప్పడ్డారు. అమ్మ ఏడ్చింది. అప్పుడు రాజీకొచ్చి, హెల్మెట్‌ని తల మీద కాకుండా ఒళ్ళో పెట్టుకున్నారు.

ఒకరోజు ఎండు మట్ట ఆయన భుజం పక్కనుంచి రాసుకుంటూ పడింది. అమ్మ హడలిపోయి, చెట్టు కొట్టించేద్దామంది. ఇప్పుడు పక్కింటాయన ఒప్పుకోలేదు! తన వాకిట్లో పెద్దాయన మాట పోయిందంటే నలుగురిలో తలెత్తుకోలేనన్నాడు. ఇద్దరూ మళ్ళీ మావయ్య దగ్గరికే వెళ్ళారు. ఆయన ఆనందం చూడాలి. అమ్మ పక్కింటాయన పక్షానికీ, పక్కింటాయన అమ్మ పక్షానికీ వచ్చేశారు కాబట్టి ఇంతకన్నా గొప్ప రాజీ దేశంలోనే జరగలేదని పాత తీర్పే ఖాయం చేశారు. నాకు గోడకేసి తల కొట్టుకోవాలనిపించింది.

ఆ వారంలోనే కాయ పడింది. ఒళ్ళో హెల్మెట్ రెండు ముక్కలైంది. తొడ వాచిపోయింది. తల మీద పడకుండా, అలాగని ఊరికే పోకుండా మధ్యలో పడింది కాబట్టి రాజీ పనిచేసిందని ఆయన వాదన. మర్నాడు కుంటుకుంటూ మళ్ళీ వెళ్ళి కూర్చున్నారు.

అమ్మ వసారాలో ఉన్న ప్లాస్టిక్ కుర్చీ తీసుకుంది. ఆ మోకాళ్ళతోనే మెట్లు దిగి, పక్కింటి వాకిట్లోకి వెళ్ళి, ఆయన కుర్చీ పక్కనే వేసుకుని కూర్చుంది. నా పై ప్రాణాలు పైనే పోయాయి. లేమ్మా అని చెయ్యి పట్టుకు లాగాను. కదల్లేదు.

"నువ్వెందుకు చెల్లాయ్ ఇక్కడ? లే, ఇంటికెళ్ళు" అన్నారు మావయ్య.

"నీ తీర్పే కదన్నయ్యా. నీకు మంచిదైతే నాకూ మంచిదే."

మావయ్య అప్పుడు తలెత్తి పైకి చూశారు. ఇన్నాళ్ళలో ఆయన పైకి చూడగా నేను చూడలేదు. గాలి వీచింది, మట్టలు గలగలమన్నాయి. ఆయన ఆ వాచిన కాలితోనే గబుక్కున లేచి, అమ్మ మీదకి వంగి, రెండు చేతులూ ఆవిడ తల మీద అడ్డం పెట్టారు.

"కొట్టించెయ్యండి. ఇప్పుడే కొట్టించెయ్యండి" అన్నారు. నాకు తెలిసి ఆయన జీవితంలో ఒక్క పక్షానికే పూర్తిగా ఇచ్చిన తీర్పు అదొక్కటే.

చెట్టు కొట్టేసిన రోజు మావయ్య వసారాలో కూర్చున్నారు, పేపరు తెరవలేదు. కాఫీ ఇస్తే తీసుకుని పక్కన పెట్టేశారు. నేను లోపలికి వెళ్ళబోతుంటే పిలిచారు.

"మంత్రిగా ఉన్నప్పుడు చాలా వాటికి ఇలాగే తీర్పు చెప్పేనమ్మా. సగం ఇటు, సగం అటు. ఎవరికీ పూర్తిగా అన్యాయం చెయ్యలేదని ధీమాగా ఉండేవాణ్ణి" అన్నారు. "వాటన్నిటి కిందా ఎవరి చెల్లెలు కూర్చుందో ఒక్కసారైనా చూడలేదు."

అమ్మ వంటింట్లోంచి భోజనానికి పిలిచింది. ఆయన లేవలేదు.