పాత ఊరి మీద తెరచాప

మా ఉప్పాడ రేవులో ఇప్పుడు తెరచాపతో వేటకి వెళ్ళేవాళ్ళు లేరు. ఆఖరి తెరచాప మా బావది. ఇంజను ముందు ఓడిపోయి దించేశాడని అందరూ చెప్పుకుంటారు. అది నిజం కాదు. ఆ రోజు పడవలో ఉన్నది మేమిద్దరమే. బావ ఆ సంగతి ఎత్తడు. అందుకే నేను రాస్తున్నాను.

ఏడో తరగతితో బడి మానేసినా, మా శాఖా గ్రంథాలయంలో నేను తెరవని అల్మరా లేదు. గాలి కంటే వేగంగా పోయే తెరచాప పడవలున్నాయని అక్కడే చదివాను. పడవ సన్నగా, తేలిగ్గా ఉండాలి. గాలిని పక్క నుంచి పట్టాలి. బావ ఆ పుస్తకంలో బొమ్మల్ని ఫోనులో ఫొటో తీసుకున్నాడు. రెండు సన్నటి ఫైబర్ పడవల్ని వెదుళ్ళతో జత కట్టి, పొడవాటి తెరచాప ఎత్తాం.

బావ వాళ్ళ నాన్న, అంటే మా మావయ్య, ఒకటే నవ్వు. "ఏంట్రా ఇది, పెళ్ళిపందిరా? ఇంజను పెట్టించుకోరా అంటే వినవు."

"నీ ఇంజనుతో పందెం, నాన్నా. ఓడితే రేపే పెట్టిస్తా. గెలిస్తే ఇంక ఆ మాట ఎత్తకూడదు."

పందెం లోతు నీళ్ళ నుంచి ఒడ్డు దాకా. మధ్యలో సముద్రం మింగేసిన మా పాత ఊరుంది. దాని మీదుగా వచ్చే పడవ తెర దించి, తెడ్డేసుకుంటూ దాటాలన్నది మా రేవు కట్టుబాటు. ఇళ్ళ మధ్య ఎవరూ పరుగులు పెట్టరు కదా, అలాగే. ఇంజను పడవలు చుట్టు తిరిగి వస్తాయి.

"తెర దించేది లేదు. తిన్నగా కొట్టేద్దాం," అన్నాడు బావ చుక్కాని పట్టుకుని.

మిట్టమధ్యాహ్నం. పక్కగాలికి ఒకవైపు పడవ నీళ్ళలోంచి లేచిపోయింది. మావయ్య పడవ వెనకబడింది. బావ పాత ఊరి మీదుగా ఒడ్డువైపు తిప్పగానే గాలి మా వీపు వెనక్కి వచ్చి, ఒక్కసారిగా చప్పుడు ఆగిపోయింది.

"తెర వదులైపోయిందేంట్రా?"

"గాలితో సమానంగా పోతున్నాం బావా. అందుకే తగలట్లేదు. ఇప్పుడు నెమ్మదిస్తుంది చూడు."

నెమ్మదించలేదు. తెరచాప ఆరేసిన చీరలా వేలాడుతోంది. పడవ మాత్రం అదే వేగంతో పోతోంది. కింద నీళ్ళు చప్పుడు చెయ్యడం లేదు. పొయ్యి పొగ వాసన వచ్చింది. ఆ వెనకే, కళ్ళాపి చల్లిన మట్టి వాసన.

అప్పుడు ఒక ఆడగొంతు, పక్కింటావిడ విసుక్కున్నట్టు, మా కాళ్ళ దగ్గర నుంచే:

"నెమ్మదయ్యా! వాకిట్లో పిల్లలున్నారు."

బావ మోకు వదిలేశాడు. తెర జారి కిందపడింది. "అలాగేనమ్మా," అన్నాడు. పడవ ఆగింది. తెడ్లు తీసి, నీళ్ళు తుళ్ళకుండా వేసుకుంటూ వచ్చాం. మావయ్య పడవ దూరంగా చుట్టు తిరిగి మమ్మల్ని దాటిపోయింది.

"ఏంట్రా, గాలి అయిపోయిందా?" అని ఒడ్డు మీద మావయ్య ఎకసెక్కం.

"రేపు మెకానిక్‌ని పిలువు నాన్నా," అన్నాడు బావ. అంతే.

తరవాత పుస్తకాలన్నీ మళ్ళీ తిరగేశాను. గాలి ఎందుకు ఆగిందో ఉంది. పడవ ఎందుకు ఆగలేదో ఎక్కడా లేదు. బావ మాత్రం ఇప్పుడు చుట్టు తిరిగి రాడు. పాత ఊరి దగ్గర ఇంజను ఆపేసి, ఎంత పొద్దుపోయినా తెడ్డేసుకుంటూనే వస్తాడు.

పేర్లు రాయొద్దని ఇంట్లో అన్నారు కాబట్టి వరసలతోనే చెబుతాను. తెర కుట్టిన అక్కకి, తాళం వేసే వేళ దాటినా కూర్చోనిచ్చిన లైబ్రేరియన్ గారికి, ఇది చదివించుకుని విన్న మావయ్యకి, బావకి నమస్కారాలు. వాకిట్లోంచి కేకేసినావిడ ఎవరింటి మనిషో కనుక్కోలేకపోయాను. ఆవిడకీ.