నాకంటే ముందు మదురై చేరినవాడు

దెయ్యాల మాటెత్తితే నవ్వేవాణ్ణి. కోయంబత్తూరు మిల్లులో స్పిన్నింగ్ మాస్టరుగా ఉన్న రోజుల్లో, షెడ్డులో ఎవరో మూలుగుతున్నారని జనం బెదిరిపోతే, నూనె లేని బేరింగును చూపించి చీవాట్లు పెట్టాను. అలాంటి నాకే ఇది జరిగింది.

మదురైలో ఉండే మా అక్క తన ఐదేళ్ళ కూతురు రుక్కుకి చెవులు కుట్టించాలనుకుంది. మావాళ్ళలో మేనమామ ఒడిలో కూర్చోబెట్టే కుడతారు. అక్కకి తోడబుట్టినవాణ్ణి నేనొక్కణ్ణే. నేను రాకపోతే అత్తవారింట్లో ఆమె తలెత్తుకోలేదు. ఆ బెంగతోనే రెండుసార్లు కబురు పంపింది.

సరిగ్గా ముందురోజే మిల్లులో మోటారు కాలిపోయింది. మర్నాడు తెల్లవారి అది మళ్ళీ తిరిగేదాకా నన్ను వదల్లేదు. పళని మీదుగా బస్సులో పోతే మధ్యాహ్నం దాటుతుంది. ముహూర్తమేమో ఉదయం. విమానంలో అయితే ముప్పావు గంటే అన్నారు. జీవితంలో మొదటిసారి విమానం ఎక్కాను.

తీరా చూస్తే అది పీళమేడు విమానాశ్రయంలో ఆలస్యంగా లేచింది. కింద పళని కొండ కనిపించేసరికే ముహూర్తం దాటిపోయింది. అక్క ముఖం తలచుకుని ఏడ్చినంత పని చేశాను.

దిగగానే టాక్సీలో పరుగెత్తాను. ఇంట్లో అందరూ భోజనాలు చేస్తున్నారు. అక్క నవ్వుతూ ఎదురొచ్చింది.

"ఏమ్రా, లోపల పండుకొంటానని పోయి వాకిట్లోనుంచి వస్తుండావే? చొక్కా గూడ మార్చితివా?"

దెప్పుతోందనుకున్నాను. కాదు. ముహూర్తానికి నేను వచ్చానట. రుక్కుని ఒడిలో పెట్టుకున్నానట. పిల్ల ఏడవనే లేదట. బావ, ఆయన తల్లి, చెవులు కుట్టిన ఆచారి, అందరిదీ ఒకే మాట. పిల్ల చెవులకి కొత్త కమ్మలు ఉన్నాయి.

నేను చేతులు చాపితే రుక్కు వాళ్ళమ్మ వెనకాల దాక్కుంది.

"ఈ మామ గాదు," అన్నది.

నేను పడుకున్నానన్న గది తలుపు బావ తోశాడు. చాప పరిచి ఉంది, మనిషి లేడు. గదికి వేరే దారి లేదు. గుమ్మం ముందే కూర్చున్న వంటవాళ్ళు ఎవరూ బయటికి రాలేదన్నారు. బావ చాప మీద చేయి పెట్టి, వెచ్చగా ఉందన్నాడు. అంత భయం నేనెన్నడూ ఎరగను.

అక్క రుక్కుని దగ్గరికి తీసుకుంది. తర్వాత మెల్లగా అన్నది: "ఎవురైతేనేమిరా, నా మానం కాపాడినాడు."

రెండు ఊళ్ళ మధ్య దూరం, విమానం పట్టే సమయం ఇన్నేళ్ళుగా లెక్కలు వేస్తూనే ఉన్నాను. గాలిలో ఉన్నవాడు ఆ ఇంట్లో పీట మీద ఎలా కూర్చున్నాడో నాకు అంతుపట్టలేదు.

రుక్కు ఇప్పుడు ఇద్దరు పిల్లల తల్లి. ఆనాడు నన్ను చూసి దాక్కున్నది ఆమెకు గుర్తులేదు. మొన్న మా ఇంటికొచ్చి, కాఫీ తాగుతూ అన్నది.

"మామా, సూది దించేముందు నా చెవిలో ఒక మాట చెప్పితివే, దాన్ని ఇంతవరకు ఎవురికీ చెప్పలేదు."

నా గ్లాసు కింద పెట్టేశాను.

"చెప్పొద్దమ్మా," అన్నాను. "నాకు గూడ చెప్పొద్దు."