తాతగారి తుపాకీ, నా పెళ్లి

ఆ రోజుల్లో మా వైపు పెళ్లికొడుక్కి సొంత బుర్ర ఉంటుందని ఎవరూ అనుకునేవారు కాదు. (నా విషయంలో నాకూ ఆ అనుమానం ఉండేది కాదు.) డెబ్బైల చివర్లో, టీచరుగా చేరిన కొత్తలో, నాకు సఖినేటిపల్లి సంబంధం కుదిరింది. పెళ్లి క్రిస్మస్ వెళ్లిన వారంలో. నర్సాపురం రేవులో పంటు ఎక్కి గోదావరి దాటితే అత్తవారి ఊరు. పెళ్లికూతురి తాతగారు పాత మిలటరీ మనిషి. ఆయనకి లైసెన్సున్న నాటు తుపాకీ ఒకటుండేది. గొట్టంలో తుపాకీమందు పోసి, కొబ్బరిపీచు కూరి పేల్చేది. "అల్లుడుగారు రేవులో కాలు పెట్టేముందు తుపాకీ పేలాలండి. మా ఇంట్లో మొదట్నించీ అంతే" అని ముందే కబురు పెట్టేరు.

ఆ ఉదయం ఎదుటి మనిషి కనబడనంత మంచు. అద్దె సూటులో వణుకుతూ (చలికేనని తోడొచ్చిన మా మావయ్యకి చెప్పేను) ఆవలి రేవు చేరేసరికి, గట్టుమీద తాతగారు తుపాకీ ఆకాశంకేసి ఎత్తి నిలబడ్డారు. మావయ్య ముందు దిగిపోయేడు. నేను కాలెత్తేను. "టిక్" మంది. అంతే. మళ్లీ నొక్కేరు. మళ్లీ "టిక్".

"ఆగండి బాబూ, దిగకండి! మందు చెమ్మెక్కినట్టుంది" అన్నారు తాతగారు. పొద్దున్న హడావిడి ఉండకూడదని ముందురోజు సాయంత్రమే మందు దట్టించి, తుపాకీ అరుగుమీద పెట్టేరట. రాత్రి కురిసిన మంచుకి ఇనప గొట్టం లోపలా బయటా చెమర్చి, మందు కాస్తా ముద్దయిపోయింది.

"దిగిపోరా! పాస్టరుగారికి తర్వాత రాజోలులో ఇంకో పెళ్లుందిట" అని గట్టుమీంచి మావయ్య అరిచేడు. "పెద్దాయన ఏమనుకుంటారో మావయ్యా" అన్నాను. "మీ పెళ్లికోసం పంటు ఆపలేనండి. దిగుతారా, ఉంటారా?" అన్నాడు సరంగు. నేను ఆలోచిస్తుండగానే పంటు కదిలిపోయింది! మెడలో దండతో, పాలకేన్ల మధ్య నిలబడి, పెళ్లికొడుకుని మళ్లీ నర్సాపురం వెళ్లిపోయేను. "సంబంధం తప్పిపోయిందాండీ?" అని పాలాయన జాలిగా అడిగేడు.

తిరిగొచ్చేసరికి రేవులో తాతగారు లేరు. తెల్లచీరలో పెళ్లికూతురే నిలబడి ఉంది. "తాతయ్య తుపాకీ ఆరబెట్టుకోడానికి వెళ్లేరండి. మీరు దిగండి, ఆయనకి నేను చెప్పుకుంటాను. ఇలాగైతే పంటుమీదే కాపురం పెట్టాలండి మనం" అంది.

"ఆయ్" అని దిగేసేను.

చర్చిలో పాస్టరుగారు వాచీ చూసుకుంటూ గబగబా ప్రార్థన ముగించి, "ఈ వివాహానికి ఎవరికైనా అభ్యంతరముంటే ఇప్పుడే చెప్పవలెను" అన్నారు.

కిటికీ బయట "ఢాం" మంది!

పాస్టరుగారు బల్ల వెనక్కి, నేను పాస్టరుగారి వెనక్కి. పైకి లేవకుండానే ఆయన, "అభ్యంతరమాండీ, ఆశీర్వాదమాండీ?" అని కేకేసేరు. పొగలోంచి, మొహమంతా మసితో తాతగారు గుమ్మంలోకి వచ్చేరు. చర్చి దొడ్లో ఎండ బాగా తగులుతుందని, గొట్టం శుభ్రంచేసి అక్కడే ఆరబెట్టుకుంటున్నారట. "పేలిందండీ! పొడిమందు వేస్తే పేలక ఏంచేస్తుంది? ఇహ అల్లుడుగారిని పంటు దిగమనండి!" అన్నారు సంబరంగా.

ఫొటోగ్రాఫరు అదిరిపడి నొక్కేసిన ఫొటో ఒకటి ఇప్పటికీ మా ఇంట్లో ఉంది. అందులో అందరూ వంగిపోయి ఉంటారు. మా ఆవిడొక్కతే నిటారుగా నిలబడి, నోటికి చెయ్యడ్డం పెట్టుకుని నవ్వుతూ ఉంటుంది. నేనెక్కడా కనబడను. బల్ల అంచుమీంచి నొక్కులు నొక్కులుగా, నల్లగా, ఒత్తయిన జుట్టు మాత్రం కనిపిస్తుంది. "ఈ జుట్టెవరిది తాతయ్యా?" అంటారు మనవలు. "నాదేరా" అంటే, పాపం, వాళ్లు నా తలకేసి ఓసారి చూసి, వాళ్ల నానమ్మని అడగడానికి వెళతారు.