చేతులు ఊరికే ఉన్న అమ్మ

మాది తిరుచానూరు. అమ్మ గుడి వీధిలో పూలు కట్టి అమ్ముతుంది. పోయిన ఏడాది ఒక ఉదయం అమ్మ మల్లెమొగ్గల కుప్ప మీదికే ఒరిగిపోయింది. వెంటనే ఆటోలో తీసుకెళ్లాను. ఆసుపత్రిలో షుగర్ విపరీతంగా పెరిగిందన్నారు. అడిగితే, నెల రోజులుగా మాత్రలే వేసుకోవడం లేదట!

"పెద్ద డాక్టరే ఫోన్‌లో సెప్పినాడు మే, మాత్రలొద్దు, ఈ పొడి సాలని. నా కండ్లతో సూసినా" అంది, సంచిలోంచి ఏదో మూలికల పొడి డబ్బా తీసి చూపిస్తూ.

అది కంప్యూటర్‌తో చేసిన దొంగ వీడియో అని ఎంత చెప్పినా నమ్మలేదు. నాకు ఒళ్లు మండింది. ఇంటికొచ్చాక, ఏదో పెళ్లిలో తీసిన అమ్మ ఫొటోనీ, ఆమె వాయిస్ మెసేజ్‌లోని గొంతునీ ఒక ఏఐ యాప్‌కి ఇచ్చి, నేనే అలాంటి వీడియో ఒకటి తయారుచేసి చూపించాను. అందులో అమ్మ చేతులు ఒళ్లో పెట్టుకుని, "నాకు పూలంటే అసలు గిట్టదు" అంటోంది.

అమ్మ బిత్తరపోయింది.

"గొంతు నాదే, మొగమూ నాదే. కానీ ఇది నేను కాదు మే. మాట్లాడేటప్పుడు నా సేతులు ఊరికే ఉంటాయా?"

అలా అంటున్నప్పుడు కూడా ఆమె వేళ్లు పూలకు ముడి వేస్తూనే ఉన్నాయి.

"డాక్టరుదీ ఇట్లే చేసినారమ్మా" అన్నాను. అమ్మ మాత్రల డబ్బా అందుకుంది.

వీడియో తీసెయ్యబోతే నా చెయ్యి పట్టుకుంది. "ఉండనీ మే. దాంట్లోనన్నా కాసేపు ఊరికే కూసుంటాను."

ఆ అబద్ధం ఇంకా నా ఫోన్‌లోనే ఉంది. ఆ మాత్రం తీరిక అమ్మకి నిజంగా ఇవ్వలేకపోయానే అని, చూసినప్పుడల్లా అనిపిస్తుంది.