ఇప్పచెట్టు మొలతాడు

పర్ణశాల రోడ్డు దిగి అడవిలోకి మళ్లగానే పొగ వాసన వచ్చింది. జీపు ముందు సీట్లో ఉన్న పరిశోధకురాలు మాట ఆపేసింది.

మణుగూరులో బొగ్గు గని కార్మికుడి కూతురామె. ఎండలు ముదిరేకొద్దీ, వానలు తప్పేకొద్దీ అడవి చెట్ల ఎదుగుదల ఎలా మారుతోందో కొలవడం ఆమె పని. కొన్ని ఇప్పచెట్ల మానులకు సన్నటి ఉక్కు పట్టీలు చుట్టింది. ప్రతి పట్టీకీ ఒక స్ప్రింగు. మాను లావెక్కితే స్ప్రింగు సాగుతుంది. ఎంత సాగిందన్నదే లెక్క. చాలా పట్టీలను ఎలుగుబంట్లు గీకి ఊడదీశాయి. మొట్టమొదట కట్టిన పెద్దచెట్టు పట్టీ ఒక్కటే ఏళ్ల తరబడి చెక్కుచెదరలేదు. ఆ చెట్టు కొలత తెగితే మిగతావాటిని దేనితో పోల్చాలో తెలియదని దారిలో చెప్పింది. నేను పత్రికకు రాయడానికి వెంట వెళ్లినవాణ్ణి.

"ఇంకా టైముండాలి కదా," అంది, తనలో తానే అనుకుంటున్నట్టు.

మేం వెళ్తున్న పల్లెలో పువ్వు రాలడం మొదలవగానే ఇప్పచెట్ల కింద ఎండుటాకుకు నిప్పు పెడతారు. నేల శుభ్రమైతే తెల్లారి రాలిన పువ్వు కనబడుతుంది, ఏరుకోవడం సులువు. అది మానమని ఆమె ఎప్పుడూ అడగలేదు. వాళ్లకంటే ముందే వచ్చి, తన చెట్ల చుట్టూ ఆకు ఊడ్చి వెడల్పాటి బాట తీసేది. మంట అక్కడిదాకా వచ్చి ఆగిపోయేది. ఎప్పుడు రావాలో గత ఏళ్ల పూతను బట్టి అనుకునేది. ఈసారి కూడా అలాగే బయల్దేరాం. పువ్వు మాత్రం ఆ లెక్కకు ఆగలేదు.

జీపు ఆగకముందే ఆమె దూకేసింది. నేలబారు మంట చిటపటమంటూ సన్నటి గీతలా పాకుతోంది. పచ్చికొమ్మతో దాన్ని బాదుతూ ఒక నడివయసు కోయ మహిళ కనిపించింది. ఆ పెద్దచెట్టు కింద పువ్వు ఏరుకునే కుటుంబం ఆమెదే. పొద్దున నిప్పు పెట్టిందీ ఆమే.

"జల్దీ రా మేడం! గాలి తిరిగింది!"

"నాకు ఫోన్ చెయ్యొచ్చు కదక్కా!"

"ఫోన్ చెయ్యాల్నంటే సిగ్నల్ కోసం గుట్టెక్కాలె. ఎక్కి దిగేసరికి పువ్వంత పశువులు తింటయి. నువ్వేమో శివరాత్రి పోయినంక వస్తనంటివి. పువ్వు నిన్నడిగి రాలుతదా?"

తలా ఒక కొమ్మ విరుచుకున్నాం. చుట్టూ ఏటా కాలే నేల కాబట్టి అక్కడ ఆకు పలచన. పరిశోధకురాలు కాలనివ్వకుండా కాపాడుకున్న చెట్ల కింద మాత్రం అడుగు వేస్తే మడమ మునిగేంత ఆకు. మంట అక్కడికి చేరగానే నడుమెత్తు లేచింది. ఒకవైపు ఆర్పితే ఇంకోవైపు అంటుకుంటోంది. నా కళ్లు మండి ఏమీ కనబడలేదు. "తొర్ర! తొర్రల పడ్డది!" అన్న ఆ మహిళ అరుపు వినిపించింది.

పెద్దచెట్టు మొదట్లో ఒక పక్క తొర్ర ఉంది. నిప్పు అందులోకి దూరి, పొగ పైకి తన్నుకొస్తోంది. ఉన్న తాగునీళ్లన్నీ మట్టిలో పోసి, ఆ ముద్దలు తీసుకుని ఆడవాళ్లిద్దరూ తొర్రలోకి కొట్టసాగారు. అదే సమయంలో పట్టీ స్ప్రింగు ఎర్రబడి, వదులై జారింది. పరిశోధకురాలు అది చూసింది. ఒక్క క్షణం చేతులు ఆగాయి. మళ్లీ మట్టి తీసుకుంది.

పొగ ఆగేసరికి ఎండ నడినెత్తికొచ్చింది. చెట్టుకు ఒక పక్క బెరడు నల్లగా మాడిపోయింది.

"నీ మొలతాడు తెగింది గద మేడం," అంది ఆ మహిళ. పట్టీకి పల్లెలో ఆడవాళ్లు పెట్టిన పేరు అది. ఎప్పుడూ ఎగతాళికి అనేవాళ్లు. ఆ రోజు ఎవరూ నవ్వలేదు. "మా అత్త కాలం నుంచి ఈ చెట్టుకింద మేమే ఏరుకుంటం. బతుకుతదా?"

"తెలీదక్కా. వానలకు మాను లావెక్కితే చెప్పగలను."

సంచిలోంచి కొత్త పట్టీ తీసింది. ఆ మాను ఒక్క మనిషి కౌగిలికి అందదు. అవతలి వైపు నుంచి ఆ మహిళ చేతులు చాపి, పట్టీ కొస అందుకుంది.

"గంత గట్టిగ కట్టకు. పసిపిల్లలకైతే గిట్లనే కడ్తవా?"

పరిశోధకురాలు నవ్వబోయి, మొహం అటు తిప్పుకుంది.

తొలకరి పడ్డాక ఒక ఉదయం నాకు ఫోన్ వచ్చింది. ఆ రోజు తిరిగొచ్చేటప్పుడు ఆ మహిళకు నా నంబరు ఇచ్చి వచ్చాను.

"సారూ, మేడం ఫోన్ కలుస్తలేదు. మొలతాడు బిగుసుకున్నదని చెప్పు. గుట్ట మీద నిలబడి చేస్తున్న, మర్చిపోకు!"

సాయంత్రానికి పరిశోధకురాలు దొరికింది. చెప్పాను.

"మొదటి వానకు బెరడు నీళ్లు పీల్చి ఉబ్బుతుంది సర్. దాన్ని ఎదుగుదల అనలేను. దసరా దాకా చూడాలి." ఆ వెంటే అడిగింది: "కాలిన వైపు కొమ్మలకు ఆకు ఉందా? ఏమైనా చెప్పిందా?"

నేను అడగలేదు. వెంటనే ఆ నంబరుకు చేశాను, కలవలేదు. ఆమె ఎప్పుడో గుట్ట దిగిపోయింది.