అరవై అన్నాను

ముప్పై ఎనిమిదేళ్ళు కోతమిల్లులో రంపం ముందు నిలబడి, పది వేళ్ళూ ఇంటికి తెచ్చుకున్నవాణ్ణి నేను. మా ఊరి బడిలో ఐదో తరగతి దాకా చదివాను, ఇరవయ్యో ఎక్కం ఇప్పటికీ నోటికి వచ్చు. ఈనాటికీ రంపాలకు పదును చూడమని యజమాని నన్నే పిలుస్తాడు. ఇప్పటి కోతమేస్త్రికి పని నేర్పింది నేనే. అతను ఎక్కడా చెప్పడు కాబట్టి నేనే చెప్పుకోవాలి. సరే, ఇది నా కథ కాదు, మా తమ్ముడి కూతురిది.

ఆమె ఆ మిల్లులోనే కొలతలు చెబుతుంది. దుంగ ఆ చివర టేపు పట్టి అంకె అరిస్తే, ఈ చివర మేస్త్రి కోస్తాడు. అతని చూపు రంపం మీదే ఉండాలి, సైగలు చూస్తూ కూర్చుంటే వేళ్ళు పోతాయి. అందుకే గొంతు కావాలి. ఆమె కేక గేటు బయటికి వినిపించేది. అదీ నేను నేర్పిందే.

ఆమెకు మెడలో గడ్డ లేచింది. థైరాయిడ్ అని ఆపరేషన్ చేసి తీసేశారు. గొంతు బొంగురుపోయింది. నరం కమిలిందనీ, తేరుకోవడానికి నెలలు పట్టొచ్చనీ, అరవొద్దనీ అన్నాడు డాక్టరు. గుటక వేస్తే ఏదో అడ్డం పడ్డట్టు, కుట్టు చుట్టూ ఎవరో బిగించి పట్టినట్టు ఉంటుందట. నీళ్ళు గబుక్కున తాగితే పొలమారేది. రంపపు పొట్టు పడకుండా మెడకు గుడ్డ చుట్టుకుని పనిలోకి వచ్చింది. ఆ ఇల్లు నడిచేది ఆ పని మీదే.

“వచ్చిందండీ మన బొంగురు రేడియో!” అన్నాడు మేస్త్రి అందరికీ వినబడేలా. ఆమె పని తన బామ్మర్దికి ఇప్పించాలని అతని తాపత్రయం.

మధ్యాహ్నానికే తగవు. అతను అరవై అంగుళాల దగ్గర కోయాల్సిన చెక్కను ఇరవై దగ్గర కోసేశాడు. బంగారంలాంటి చెక్క పొయ్యి పాలైంది.

“ఇరవై అన్నావు.”

“అరవై అన్నాను.”

“నీ నోట్లోంచి ‘రవై’ ఒక్కటే ఊడిపడింది తల్లీ! ముందక్షరం ఆస్పత్రిలో వదిలేసొచ్చావా?”

అందరూ పగలబడి నవ్వారు. యజమాని వచ్చి, “ఇంకో చెక్క పాడైతే రేపట్నుంచి రానక్కర్లేదమ్మా,” అన్నాడు.

ఆ రోజు రంపం పదును చూడ్డానికి వచ్చి అక్కడే ఉన్న నాకు ఒళ్ళు మండి మేస్త్రి చొక్కా పట్టుకోబోయాను.

“మీరుండండి పెదనాన్నా!” అని పక్కకు నెట్టింది. నన్ను!

గుక్కెడు నీళ్ళు మెల్లగా మింగి యజమానితో అంది: “అయ్యా, ఇకనుంచి ఇరవై అనను, అరవై అనను. రెండు పదులు, ఆరు పదులు అంటాను. విన్నది మేస్త్రి తిరిగి చెప్పాకే కొయ్యాలి. తప్పెవరిదో అప్పుడే తేలుతుంది.”

“నేను దీనికి పాఠం అప్పజెప్పాలా?” అని మేస్త్రి ఎగిరాడు.

“నా గొంతుకైతే కోత పెట్టారు. నీ నోటికేం రోగం?” అందామె, ఆ గరగర గొంతుతోనే.

యజమానికి నవ్వాగలేదు. “అప్పజెప్పవయ్యా. చెప్పకుండా కోస్తే తప్పు నీదే,” అన్నాడు.

మరో దుంగ ఎక్కించారు. “ఆరు పదులు,” అంది. మేస్త్రి గొంతు బొంగురు చేసి, “ఆరూ... పదులూ...” అని వెక్కిరించాడు. కూలీలు నవ్వారు. ఆమె టేపు చూసుకుని, “ఊఁ, కొయ్యి,” అంది. సాయంత్రం దాకా వెక్కిరిస్తూనే ఉన్నాడు, ప్రతి అంకెనూ సరిగ్గా అప్పజెబుతూనే ఉన్నాడు. ఒక్క చెక్కా పాడవలేదు.

ఇప్పటికీ ఆమెకు అరిచే గొంతు రాలేదు. గుటక వేసినప్పుడల్లా మొహం చిట్లిస్తుంది. పనిలో మాత్రం ఉంది. వాళ్ళిద్దరి మధ్యా అంకెలు తప్ప మరో మాట లేదు.