చోళ్ళ కళ్ళంలో ఐసు హాకీ

ఆ రోజుల్లో మా శ్రీకాకుళం పల్లెల్లో అబద్ధానికి ఉన్న గౌరవం ఇప్పుడు నిజానికి కూడా లేదు. ఊరందరికీ కలిపి పంచాయతీ ఆఫీసులో ఒక్కటే రేడియో. అదీ సాయంత్రం గంటసేపు గరగరలాడి ఊరుకునేది. మిగతా ఇరవై మూడు గంటలూ లోకం సంగతులు ఎవరో ఒకరు చెప్పాలి కదా! ఆ బాధ్యత నేను పదిహేడో ఏటనే నెత్తిన వేసుకున్నాను. (మా అమ్మ దాన్ని బాధ్యత అనేది కాదు. ఆవిడ వాడిన మాట రాస్తే అచ్చువేసేవాళ్ళు ఒప్పుకోరు.) అప్పటికి ఎస్సెల్సీ పరీక్ష రాసి ఫలితాల కోసం ఎదురుచూస్తున్నాను. ఫలితమేమిటో నాకు ముందే తెలుసు కాబట్టి చేతినిండా తీరికే.

ఆ వేసవిలో కళింగపట్నం దగ్గర చేపలవాళ్ళ పేటలో, సముద్రపు గాలికి ఏ పొయ్యిలోంచో నిప్పురవ్వ లేచి, పదకొండు తాటాకిళ్ళు కాలిపోయాయి. అందులో ఒకటి మా ఊళ్ళో ఎండురొయ్యలు అమ్మే రొయ్యల మామ్మది. మంటల్లోంచి ఆవిడ దక్కించుకున్నది ఒక్క కోడిపెట్ట. ఆనాటి నుంచి దాన్ని సంకలోంచి దించలేదు. "ఇప్పుడెక్కడుంటున్నావు మామ్మా?" అనడిగితే, "ఇదిగో బాబూ, నా ఇల్లు నా సంకలోనే ఉన్నాది. వానొస్తే దీని రెక్క కిందే నాను ఉండాల" అని నవ్వేది. నవ్వినా, రోహిణి కార్తె దాటి వానలు మొదలయ్యేలోగా పదకొండు కప్పులకీ తాటాకు దొరకాలి. అడిగితే ఎవరూ కాదనరు, ఎవరూ ఇవ్వరు. మా ఊరి పద్ధతది.

సరిగ్గా అప్పుడే మా అక్క మొగుడు, మిలట్రీ బావ, కాశ్మీరు వైపు నుంచి సెలవు మీద వచ్చాడు. అక్కడ చలికాలంలో చెరువు రాయిలా గడ్డకడుతుందని, బూట్లకి కత్తులు బిగించుకుని దాని మీద జారుతూ హాకీ ఆడతారని, తనూ రెండుసార్లు ఆడాడని చెప్పాడు. ఆయన చెప్పింది మధ్యాహ్నం భోజనాల దగ్గర. సాయంత్రానికి ఊళ్ళో డప్పు మోగింది: "పిల్లలకి ఐసు హాకీ క్యాంపహో! పదోనాడు ఐసు మీద పెద్ద మేచీ అహో! టికెట్టు మనిషికి ఐదు కమ్మలహో!" (మా వైపు తాటాకుని కమ్మ అంటారు.)

బావ నన్ను చెవి పట్టుకుని పెరట్లోకి తీసుకెళ్ళాడు. "ఒరే, ఐసు మీద మేచీ అని నువ్వే సెప్పించినావట. ఐసేదిరా?"

"వస్తాది బావా."

"ఎక్కడ్నుంచి వస్తాది?"

"రైల్లో."

నిజంగానే వచ్చింది. విశాఖపట్నం నుంచి గోనెసంచిలో, ఊకలో పూడ్చిన ఒక దిమ్మ, ఆమదాలవలస స్టేషన్లో దిగింది. అక్కణ్ణించి రెండెడ్ల బండి మీద మా ఊరు చేరేసరికి బండి చల్లగా ఉంది, దారి తడిగా ఉంది, ఊకలో మాత్రం నిమ్మకాయంత ముక్క మిగిలింది. హాకీ నేర్చుకోవడానికి వచ్చిన ఇరవైమంది పిల్లలూ దాన్ని వంతులవారీగా నాకారు. క్యాంపులో మొదటిరోజు శిక్షణ అదే.

ఆ కష్టంలో మమ్మల్ని ఆదుకున్నవాడు మా మావ, అమ్మకి స్వయానా తమ్ముడు. పిసినారితనంలో ఆయన్ని మించినవాడు నాగావళికీ వంశధారకీ మధ్య లేడు. అటువంటివాడు తనంతట తానే వచ్చి, "ఒరే అల్లుడా, పిల్లగుంటలు ఆడుకుంటారు గదా, నా కళ్ళం వాడుకోండ్రా. పేడతో అలికి అద్దంలా ఉన్నాది. కాకపోతే మరి, చోడి ఎన్నులు ఆరబోసినాను. వాటి మీదే ఆడుకోవాల. ఆట బాగుంటే బండెడు కమ్మలు నాను ఇస్తాను" అన్నాడు. (మా వైపు రాగుల్ని చోళ్ళంటారు, కంకుల్ని ఎన్నులంటారు.) నా కళ్ళు చెమర్చాయి. తాటిమట్టలు కర్రలుగా, తాటిటెంక బంతిగా ఆట మొదలైంది. బావ ఈల వేస్తే పిల్లలు ఎన్నుల మీద పరుగులు తీసేవారు, మట్టలతో బాదేవారు, పడేవారు, లేచేవారు. మూడోనాడు మావ గట్టు మీద గొడుగు వేసుకుని కూచుని, "ఒరే, ఆ తూరుపు మూల గోలు కొట్టండ్రా! ఆ మూల ఇంకా రాల్లేదు!" అని అరిచేదాకా, అది హాకీ కాదు, చోళ్ళ నూర్పు అని మాకు తట్టలేదు. పశువులకైనా మేత వెయ్యాలి. మా పిల్లలు ఇంటిదగ్గర అంబలి తాగొచ్చి మరీ నూర్చారు.

మేచీనాటికి గడ్డి తీసేశారు. అలికిన నేల మీద ఆవగింజల్లాంటి చోళ్ళు పలచగా మిగిలాయి. నాలుగూళ్ళ జనం నెత్తిన తాటాకు మోపులతో వచ్చారు. వచ్చిన ఆకు వచ్చినట్టు లెక్కేస్తే పది ఇళ్ళకి సరిపోయింది. పదకొండోది, రొయ్యల మామ్మ ఇల్లు, మావ బండి మీదే ఆధారపడింది. మామ్మ ముందువరసలో కోడితో సహా కూచుంది. అంతలో కిర్రుచెప్పులు వేసుకుని కరణంగారి తమ్ముడు లేచాడు. "ఐసేదయ్యా? ఇది మోసం! మా కమ్మలు మాకిచ్చీండి!" జనంలోనూ గొణుగుడు మొదలైంది. ఒకరిద్దరు మోపుల మీద చెయ్యి వేశారు. బావ నా వైపు చూసిన చూపుకి నాకు కాశ్మీరు చలి తెలిసింది.

అటువంటప్పుడే నా నోరు నన్నడక్కుండా పనిచేస్తుంది. "ఐసు కాదని ఎవరన్నారు? ఈ చివర్నుంచి ఆ చివరికి పడకుండా నడవండి. నడిచినవాళ్ళు కమ్మలు పట్టుకుపోండి!" అన్నాను.

కరణంగారి తమ్ముడు నాలుగూళ్ళ ఆడవాళ్ళు చూస్తున్నారు కదా అని దర్జాగా కాలెత్తి వేశాడు. మూడో అడుగులో చెప్పులు తూర్పుకి, ఆయన పడమటికి వెళ్ళారు. తర్వాత ఒక్కొక్కరే ఉత్సాహంగా దిగారు, ఒక్కొక్కరే కూలబడ్డారు. జనం ఈలలు, కేకలు. న్యాయనిర్ణేతగా మధ్యలో నిలబడ్డ బావ కూడా మిలట్రీ సెల్యూట్ కొట్టబోయి వెల్లకిలా పడ్డాడు. ఐసు సంగతి అందరూ మరిచిపోయారు. (చోళ్ళు ఎండబెట్టే ఆడవాళ్ళందరికీ కిటుకు తెలుసు. ఒక్కరూ నోరు మెదపలేదు.)

అప్పుడు లేచాడు మావ. పంచె ఎగ్గట్టి, "నాను దాటితే నా బండి కమ్మలు నాకేనా అల్లుడా?" అన్నాడు. మాట ఇచ్చేశాను కదా! మావ కాలెత్తలేదు. కళ్ళంలో గింజ కలియబెట్టినట్టు పాదాలు నేలకి ఈడ్చుకుంటూ, చోళ్ళలో చాళ్ళు తీసుకుంటూ, రైలింజనులా సాగిపోయాడు. సగం దాటాడు. ముప్పాతిక దాటాడు. మామ్మ నవ్వు ఆగిపోయింది. ఆవిడ తాటాకు బండి వైపు చూసింది, ఆకాశం వైపు చూసింది. ఇక రెండడుగులు.

కోడిపెట్ట కళ్ళంలో ఉంది! ఎప్పుడు దిగిందో, టకటకా చోళ్ళు పొడుచుకు తింటోంది.

"ఓర్నాయనో, నా సోళ్ళు! హుష్!" అని మావ కోడి మీదకి కాలెత్తాడు. అటువంటి పడటం అక్క పెళ్ళిలో పందిరి కూలినప్పుడు కూడా నేను చూడలేదు.

ఊరంతా గుండెలు పట్టుకుని నవ్వుతుంటే, మామ్మ ఖాళీ సంక చూసుకుని, "ఏటి సేత్తాం బాబూ, నోరులేని జీవి. టికెట్టు లేకుండా ఎలిపోనాది" అంది.

తొలకరికి ముందే పదకొండో ఇంటికీ కప్పు పడింది. ఆ బండి మావే స్వయంగా తోలుకెళ్ళాడు. కోడి తిన్న చోళ్ళకి బదులుగా మామ్మ దగ్గర గుప్పెడు రొయ్యలు తీసుకోకుండా మాత్రం రాలేదు.

ఇప్పుడు నాకు యాభై దాటాయి. మోకాళ్ళలో నూనె తగ్గింది. మా అబ్బాయి ఇంటినిండా నున్నటి మొజాయిక్కు వేయించాడు. "ఏంటి నాన్నా, ముసలాళ్ళలా కాళ్ళీడ్చుకుంటూ నడుస్తావు?" అంటాడు. మోకాళ్ళ నొప్పని ఒప్పుకుంటే నా పరువేం కావాలి? ఇది ఐసు మీద నడిచే పద్ధతిరా, చిన్నప్పుడు నేర్చుకున్నాను అంటాను. వాడు నమ్మడు. నేను మాత్రం గడప దాటేముందు, ఎందుకైనా మంచిదని, చుట్టుపక్కల కోడేమైనా ఉందేమో చూసుకుంటాను.